అత్తగారి డబ్బా, కారని కుళాయి

ఆ ఇంట్లో ఏ కుళాయీ కారదు. అయినా నాలుగేళ్ళుగా ఆ ఇంట్లోవాళ్ళు రోజుకు పదిసార్లయినా కుళాయి కారుతోందని చెప్పుకుంటూనే ఉన్నారు. దీనికంతటికీ కారణం అత్తగారి డబ్బా.

డబ్బా అంటే అగ్గిపెట్టెకు పెద్దన్నలాంటి యాంప్లిఫయర్. ఫోనుకూ హెడ్‌ఫోన్లకూ మధ్య తగిలిస్తే శబ్దం పెంచుతుంది. అత్తగారి చెవులు నిక్షేపంగా ఉన్నాయి. కానీ ఫోనులో కథ వింటుంటే, అందులో తలుపు మూస్తే ఇక్కడ తన గుండె అదరాలంటుందావిడ. డబ్బాను నడుముకు దోపుకుని, గిన్నెలంతేసి హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొద్దున లేచింది మొదలు ఇల్లంతా తిరుగుతుంది. ఇంట్లో ఎక్కడైనా వినదగ్గ మాట నడుస్తోందని అనుమానం వస్తే చాలు, ఆవిడ వేలు మెల్లగా నడుము దగ్గరకు పోతుంది. శబ్దం తగ్గించడానికి మీట తిప్పుతుంది.

తంటా అంతా అక్కడే. ఆ వాల్యూమ్ కంట్రోల్ ఎప్పుడో చెడింది. తాకితే చాలు, కాగిన నూనెలో నీళ్ళు పడ్డట్టు గరగరమంటుంది. ఆ చప్పుడు హెడ్‌ఫోన్లు దాటి పక్కగదిలోకి వస్తుంది. రాగానే అక్కడ మాట్లాడుకునేవాళ్ళు ఎవరైనా సరే, ఉన్న మాట మింగేసి, "కుళాయి కారుతోంది" అంటారు. మొదట అలా ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు. ఎవరూ మార్చనూ లేదు.

ఆ గరగర వింటే చిన్నకోడలికి ఒళ్ళు జలదరిస్తుంది. తొమ్మిదో తరగతిలో బడి మానేసి తండ్రి రేడియో బల్ల ముందు కూర్చున్న మనిషి. పెళ్ళయ్యాక వంటింటి కిటికీ గట్టు మీదే వీధిలోవాళ్ళ రేడియోలూ మిక్సీలూ బాగుచేస్తోంది. పాలు పొంగితే ఎవరి రేడియోనో తడుస్తుంది. ముందు గదిలో కిటికీ పక్కన ఒక బల్ల వేసుకోవాలని ఆమె కోరిక. ఆ చోట అత్తగారి పాత బీరువా ఉంది. అత్తగారిని అడగడానికి ఆమెకు నోరు పెగలదు. భర్తతో అడిగిద్దామంటే, "ఏమండీ, ముందు గదిలో బల్ల..." అనేసరికి గరగర. "అవునవును, కుళాయి కారుతోంది," అనేవాడాయన. రెండేళ్ళుగా ఆ మాట బల్ల దాటి ముందుకు కదల్లేదు.

ఒకరోజు అత్తగారు డబ్బా తెచ్చి గట్టు మీద పెట్టింది.

"ఊళ్ళోవాళ్ళ సామాన్లన్నీ బాగుచేస్తావు. నా చెవిలో ఈ ఇసుక గోల నీకు పట్టదా?"

ఆవిడ స్నానానికి వెళ్ళిందో లేదో, వంటింట్లో జనం నిండారు.

"చెల్లీ, నీకు దణ్ణం పెడతా, దాన్నలాగే ఉండనీ," అంది తోడికోడలు. "అది బాగైతే మా అమ్మతో ఫోను ఎక్కడ మాట్లాడను? మేడ మీద నీళ్ళ ట్యాంకులోనా?"

"స్పేర్ పార్టు దొరకలేదని చెప్పెయ్," అన్నాడు భర్త.

మామగారికి డాక్టరు బిస్కెట్లు మానెయ్యమని గట్టిగా చెప్పాడు. ఆయన తలుపు వైపు చూస్తూ, "అమ్మాయ్, నా బిస్కెట్ల మూత చప్పుడు ఆవిడ చెవిన పడిందో, నా ఆయుష్షు అక్కడితో సరి. అది నీ చేతిలో ఉంది," అన్నాడు.

"డాక్టరుగారు మానెయ్యమన్నదీ ఆయుష్షు కోసమే కదా మావయ్యా?"

"ఆయనది వేరే లెక్కమ్మా."

అందరూ వెళ్ళాక ఆమె డబ్బా చేతిలో పట్టుకుని కూర్చుంది. బాగుచేస్తే బల్ల గురించి గుసగుసలాడుకునే వీలుండదు. బాగుచేయకపోతే, అత్తగారి మీటే సరిచేయలేని మనిషి బల్ల ఏ మొహంతో అడుగుతుంది?

మరలు విప్పింది. బ్యాటరీ తీగ ఊడదీసింది. వాల్యూమ్ కంట్రోల్ లోపల నల్లటి పట్టీ, దాని మీద జరిగే సన్నటి రేకు ఉంటాయి. ఆ రెంటి మధ్య దుమ్ము చేరితేనే గరగర. ఇక్కడ మాత్రం తెల్లగా ఏదో మెత్తగా పేరుకుంది. వేలితో తీసి వాసన చూసింది. గులాబీ వాసన పౌడరు. స్నానం కాగానే మామగారు మెడకు దట్టించేది అదే. గరగర కాస్త తగ్గిందనిపించినప్పుడల్లా ఆయన మీట సందులోంచి శ్రద్ధగా చల్లుతున్నాడన్నమాట.

మెత్తటి బ్రష్షుతో పౌడరు దులిపింది. సందులోకి క్లీనింగ్ స్ప్రే ఒక్కసారి కొట్టి, మీటను ఈ చివర నుంచి ఆ చివరకు నలభైసార్లు తిప్పింది. ఆరనిచ్చి మళ్ళీ తిప్పింది. డబ్బా బిగించి, హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని మీట తిప్పింది. గరగర లేదు. ఆ సుఖానికి వంటా ఇల్లూ మరిచిపోయి ఇంకో పదిసార్లు తిప్పింది.

"ఏమైంది దీనికి?" అడిగింది అత్తగారు, తీసుకుంటూ.

"పౌడరు పడిందత్తయ్యా."

"పౌడరా?"

చిన్నకోడలు పొయ్యి వైపు తిరిగింది.

ఇక ఇంట్లో మాట అనేది లేకుండా పోయింది. ఆవిడ కథ వింటోందో, తమను వింటోందో తెలిసే దారి లేదు. అందుకని ఎందుకైనా మంచిదని అందరూ ఎప్పుడూ కుళాయి గురించే మాట్లాడారు. తోడికోడలు వాళ్ళమ్మతో ఫోనులోనూ అదే. పాపం వాళ్ళమ్మ కంగారుపడి రెండు బకెట్లు పంపించింది.

నాలుగో రోజు అత్తగారు ప్లంబరును వెంటబెట్టుకొచ్చింది.

"నాలుగేళ్ళు ఓపిక పట్టాను. మగవాళ్ళకు పట్టదు, కోడళ్ళకు పట్టదు. ఏ కుళాయో చూపించండి."

"స్నానాలగదిలోది," అన్నాడు భర్త.

"పెరట్లోది," అన్నాడు మామగారు అదే క్షణాన.

"వంటింట్లోది," అంది తోడికోడలు.

ప్లంబరు మూడూ చూశాడు. ఒక్కోదాని కింద అరచేయి పట్టి చాలాసేపు నిలబడ్డాడు. వచ్చి, పొడిగా ఉన్న చెయ్యి చూపించాడు.

"ఇంత బిగువైన కుళాయిలు నా సర్వీసులో చూడలేదమ్మా. ఏం కారుతోంది మీకు?"

అత్తగారు హెడ్‌ఫోన్లు మెడలోకి లాగి ఒక్కొక్కరినే చూసింది. ఆఖరికి చూపు చిన్నకోడలి మీద ఆగింది.

"కుళాయి కారట్లేదత్తయ్యా. మీ మీట గరగరమనగానే మేం మాట మార్చేసేవాళ్ళం. ఇప్పుడు గరగర లేదు కదా, ఎప్పుడు మార్చాలో తెలియక..."

అత్తగారు మీటను అటూ ఇటూ తిప్పింది. చడీచప్పుడూ లేదు.

"అయితే నువ్వు మింగిన మాటేమిటి?"

"ముందు గదిలో... కిటికీ పక్కన... నాకో బల్ల కావాలి."

"అంతేనా?"

"అంతే."

"ఆ ముక్క చెప్పడానికి ఇన్నాళ్ళా! నేనింకా మీరంతా వేరు కాపురాలు పెడుతున్నారేమోనని చెవి రిక్కించి చచ్చాను!" ఆవిడ ప్లంబరు వైపు తిరిగింది. "ఎలాగూ వచ్చావుగా నాయనా, ఆ బీరువాకో చెయ్యి వెయ్యి."

ప్లంబరూ భర్తా బీరువాను వెనక గదిలోకి ఈడ్చారు. ఖాళీ అయిన చోట దుమ్ము ఊడుస్తూ చిన్నకోడలు కిటికీ వెడల్పు జానలతో కొలుచుకుంటోంది. అత్తగారు వచ్చి పక్కన నిలబడింది.

"అన్నట్టు, ఆ పౌడరు ఎవరిది?"

గుమ్మంలో మామగారు పైకప్పును పరీక్షగా చూస్తున్నాడు. నోట్లో బిస్కెట్ ఉన్నట్టుంది, నమలడం ఆపేశాడు.

చిన్నకోడలు చీపురు గోడకు ఆనించింది.

"వంటింట్లో కుళాయి కాస్త కారుతున్నట్టుందత్తయ్యా."