ఎవరికీ అక్కర్లేని నాలుగో మాట

డెబ్బైల చివర్లో, దమ్మపేట అడవి అంచున ఉన్న మా చర్చి సంఘంలో గుడ్ ఫ్రైడే కంటే ముందు కొట్లాట వచ్చేది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగించాలి. పక్క సిలువ మీది దొంగకు స్వర్గమిస్తానన్న పరదైసు మాట అందరికీ కావాలి. దాహమవుతోందన్న మాటకూ మంచి గిరాకీ, అది చెప్పేవాడికి ప్రసంగం కాగానే మజ్జిగ ఇచ్చేవాళ్లు. దేవుడు తనను వదిలేశాడని యేసు అరిచిన నాలుగో మాట మాత్రం ఎవరికీ వద్దు. ఓడిపోయిన దేవుణ్ణి పట్టుకుని మైకు ముందు ఏం గొప్పలు చెప్పుకుంటారు పాపం! ఒక ఏడాది దాన్ని వడ్ల వ్యాపారం చేసే సంఘపెద్దకు అంటగట్టారు.

అప్పటికి మా అమ్మకు పక్షవాతం. కోస్తా నుంచి వచ్చిన స్వస్థత ప్రసంగీకుడొకడు ఆమె తలకు నూనె రాసి, క్రిస్మస్‌కల్లా లేచి నడుస్తుందని మైకులో ప్రకటించి పోయాడు. అమ్మ నడవలేదు. తప్పు ఆయనదెట్లా అవుతుంది? అమ్మ విశ్వాసంలోనే లోపముందని తేల్చారు. మంచాన పడ్డ మనిషి చర్చికొస్తే సంఘం సాక్ష్యం చెడి ఊళ్లో పరువు పోతుందట. "ఇంట్లనే ప్రార్థన చేస్కో అమ్మా," అని సంఘపెద్దే వచ్చి చెప్పిపోయాడు. నాకు ఒళ్లు మండింది. అమ్మకు మాత్రం భయం పట్టుకుంది, దేవుడికి కూడా తానంటే రోత పుట్టిందేమోనని.

గుడ్ ఫ్రైడే నాడు నేనూ తమ్ముడూ ఆమెను నులక మంచంతో సహా మోసుకెళ్లి అందరికంటే ముందు వరసలో దించాం. పాస్టరు అయ్యగారు పాడుతున్న పాట మరిచిపోయారు.

నాలుగో మాటకు సంఘపెద్ద లేచాడు. "దేవునికి బలహీనత ఉంటదా? ఆయన నిజంగ ఏడ్వలే. మనకు నేర్పనీకి గట్ల అన్నడు."

సిలువ మీదున్న యేసును తీసుకుపోయి నాటకాల కంపెనీలో చేర్చాడు మహానుభావుడు.

అమ్మ మాట ముద్దముద్దగా వచ్చేది. అయినా ఆ రోజు అందరికీ వినపడింది.

"గట్లయితే నన్ను ఇంటికి తీస్కపోండ్రి బిడ్డా. ఏడ్వనోనితోని నాకేం పని?"

మేం మంచం ఎత్తాం. సంఘపెద్ద అయ్యగారి వంక చూశాడు. అయ్యగారు గోడ గడియారం వంక చూశారు. మేం గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి సంఘపెద్ద గొంతు వినిపించింది, మైకు లేకుండా.

"ఏడ్చిండమ్మా. నిజంగనే ఏడ్చిండు."

"అవ్," అంది అమ్మ. "ఇగ దించుండ్రి మంచం."