ఉతికితే పోయిన ఎరుపు

రెండువేల ఐదు ప్రాంతం. గద్వాలలో మాది నేత ఇల్లు, నూలుకు రంగు వేసే పని నాది. కోడలు పద్మకు దగ్గు తగ్గకపోతే తెమడ పరీక్షకని, ఆటో దండగ అనుకుని, దవాఖానకు నడిపించే తీసుకుపోయాను. క్షయ అయితే పద్మ చంకలోని చంటిపిల్లకూ అంటుతుందని ఇద్దరికీ దిగులు. క్రిమి ఉంటే ఎర్రగా కనబడుతుందని వరుసలో ఒకామె చెప్పింది.

ల్యాబు కిటికీలోంచి చూస్తున్నాను. అక్కడి ఉద్యోగి పద్మ తెమడను గాజుపలక మీద పూసి, ఎర్ర రంగు పోసి, కింద మంట పెట్టాడు. ఆవిరి లేచింది. మా పనిలో రంగును కాచేది అది గట్టిగా పట్టడానికే. పలకంతా ఎర్రబడేసరికి రోగం ఖాయమనుకున్నాను.

"పద్మా, పిల్లను నాకియ్యి. ఇగ నువ్వు ఎత్తుకోవద్దు" అన్నాను. పద్మ ఏడుపు అందుకుంది.

"ఏమైందవ్వా?" అన్నాడు ఆయన.

"అంత ఎర్రగ కనబడుతుంటే ఏమైందంటవేందయ్యా?"

"ఎవరిదైనా ముందు ఎర్రగనే చేస్తమవ్వా. ఇప్పుడు ఆసిడ్ పోస్త. క్రిములుంటే వాటికి పట్టిన ఎరుపు మాత్రం పోదు. జర ఆగు."

ఆసిడ్ పోసి కడిగితే ఎరుపు కారిపోయింది. తర్వాత నీలం రంగు వేసి, మళ్లీ కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోపులో చాలాసేపు వెతికాడు.

"ఎర్రది ఒక్కటి గూడ లేదవ్వా."

పిల్లను పద్మ ఒడిలో పెట్టాను. నేను వేసిన రంగు ఉతికితే పోయిందని ఎవరైనా అంటే ఊరుకునేదాన్ని కాదు. రంగు పోయినందుకు సంతోషించింది ఆ ఒక్కరోజే.

– నరసమ్మ, గద్వాల