తెల్లసీసాకి కాపలా

ఆ రోజుల్లో నాకు నామీద తప్ప లోకంలో అందరిమీదా అనుమానమే. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, చెన్నై మనలిలో ఒక రసాయనాల ఫ్యాక్టరీ ల్యాబులో ట్రైనీగా చేరాను. ఆరు నెలలు తప్పు లేకుండా గడిస్తేనే ఉద్యోగం ఖాయం. ప్లాస్టిక్ తయారీలో వాడే ఒక ఆర్గానిక్ పెరాక్సైడుకి రోజూ బలం కొలవడం నా పని. ఆ బలం రోజురోజుకీ కాస్త తగ్గుతోంది. ఎవరో కొంత తీసేసి, ఆ మేరకు ఇంకేదో కలుపుతున్నారని తేల్చేశాను. (తీసుకెళ్లి ఏం చేసుకుంటారన్నది ఆలోచించలేదు.)

సీసాలు కడిగే పెద్దన్న తరతరాలుగా వాషర్‌మెన్‌పేట్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబంవాడు. ఆ సరుకుండే అల్మారా తాళం ఆయన దగ్గరే ఉండేది గనుక దొంగ ఆయనే అనుకున్నాను. కాపలా కాద్దామని, గోధుమరంగు సీసాలోని సరుకు తెల్లగాజు సీసాలోకి ఒంపి, మట్టం దగ్గర గీత గీసి, నా కుర్చీలోంచి బాగా కనపడేలా కిటికీలో పెట్టాను. మట్టం వెంట్రుకవాసి తగ్గలేదు. బలం మాత్రం సగానికి పడిపోయింది. పైగా పెద్దన్న అటు వచ్చినప్పుడల్లా సీసామీద నల్లగుడ్డ కప్పి పోయేవాడు. నేను తీసేసేవాణ్ణి, ఆయన మళ్లీ కప్పేవాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని ఫోనులో ఫొటోలు తీసి మేనేజరుగారికి చూపించాను.

ఆయన ఫొటోలు సరిగా చూడనేలేదు. నేరుగా కిటికీ దగ్గరికి వచ్చి, "పెరాక్సైడుని తెల్లసీసాలో పోసి వెలుతుర్లో పెట్టిందెవరు?" అన్నారు.

అప్పుడు వెలిగింది నాకు. పెరాక్సైడులో రెండు ఆక్సిజన్లు ఒకదాన్నొకటి వదులుగా పట్టుకుని ఉంటాయి. వెలుతురు తగిలితే చాలు, చటుక్కున విడిపోతాయి. ఆ ముక్కల్ని రాడికల్స్ అంటారు, ఒంటరిగా ఉండలేక ఎదురైనదాని మీదల్లా పడతాయి. (పరీక్షలో ఈ ప్రశ్నకి పదికి పది తెచ్చుకున్న ఘనుణ్ణి.) అంతకుముందు తగ్గిన కాస్తా, నేను దాన్ని బీకరులో పోసి కిటికీ పక్కన వదిలేసి టీకి పోయిన పుణ్యమే. ఉద్యోగం ఊడిందనుకున్నాను.

పెద్దన్న చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "తెల్లసీసా కడిగి ఆడ పెట్టింది నేనే సార్" అన్నాడు. మేనేజరుగారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇకమీద జాగ్రత్త అని వెళ్లిపోయారు.

సిగ్గుతో చచ్చిపోయాను. మీమీదే చెప్పానన్నా అని ఒప్పుకున్నాను.

"తెలుసులే తంబీ. గుడ్డ ఎందుకు కప్పతా ఉండావని ఒక్కతూరి అడిగింటే చెప్పింటా గదప్పా."

ఆ ఫొటోలు ఇంకా దాచుకున్నాను. ఒకదాంట్లో, గుడ్డ తొలగినచోట, గాజుమీద ఫోను పట్టుకున్న నా మొహం స్పష్టంగా పడింది. దొంగని ఆ రోజే పట్టుకున్నాను, పోల్చుకోవడమే ఆలస్యమైంది.