ఎలియోనోరా ఏరిన గింజలు

ఎలియోనోరా ఏడో ఏట మంచు మీద జారే బ్లేడు బూట్లు కట్టుకుంది. ఇటలీలో కొండల కింద చిన్న ఊరు వాళ్లది. తండ్రి రొట్టెల బట్టీలో పనిచేసేవాడు. స్కేటింగ్‌లో ఆమె జాతీయ పోటీల దాకా వెళ్లి ఒకసారి మూడోది, రెండుసార్లు నాలుగోది అయింది. అంతకు మించి పేపర్లలో ఆమె పేరు ఎవరూ రాయలేదు. మంచి కోచ్ ఉన్నాడని 2008లో, పద్దెనిమిదో ఏట, కాలిఫోర్నియాలోని డబ్లిన్‌కు వచ్చి ఉమామహేశ్వరి ఇంట్లో గది అద్దెకు తీసుకుంది.

ఉమామహేశ్వరి మొదట ససేమిరా అంది. "ఐస్ మీద డాన్స్ చేసే పిల్లని ఇంట్లో పెట్టుకుంటే మన నిధి చదువు ఏం గాను?" అని మొగుడి మీద కస్సుమంది. నెల తిరిగేసరికి ఆవిడే కూతురి దుప్పటి లాగుతూ, "చూడవే, ఎలీ ఫోర్ థర్టీకే లేచి ప్రాక్టీస్‌కి వెళ్లిపోయింది!" అని సాధించడం మొదలుపెట్టింది. పాపం, నిధికి పోలిక పీడ పట్టుకుంది.

పోలికకు తగ్గ పిల్లే మరి. 2010లో ఎలియోనోరా చీలమండ విరిగి రెండు స్క్రూలు వేశారు. ఇక చాలించమన్నాడు డాక్టరు. ఆమె గరాజ్‌లో కుర్చీ పట్టుకుని రోజూ గంటసేపు ఒంటికాలి మీద నిలబడేది. కళ్లలో నీళ్లు కారేవి గానీ కాలు దించేది కాదు. ఉడుంపట్టంటే అదీ. ఎనిమిది నెలలకు మళ్లీ మంచు ఎక్కింది. ఆ రోజు ఉమామహేశ్వరి పాయసం వండింది.

2013లో అసలు పరీక్ష వచ్చింది. ప్రపంచ పోటీలకు ఇటలీ నుంచి ఇంకొక్క అమ్మాయికే చోటు మిగిలింది. దానికి ఎలియోనోరా, అరియానా అనే పదిహేడేళ్ల పిల్ల పోటీపడుతున్నారు. డబ్లిన్ దగ్గర్లోనే జరిగే అంతర్జాతీయ పోటీలో ఇద్దరిలో ఎవరికి మార్కులు ఎక్కువొస్తే వాళ్లు వెళతారు. అరియానాకు ముందు చాలా ఏళ్లున్నాయి. ఇరవై మూడేళ్ల ఎలియోనోరాకు ఇదే ఆఖరు.

పోటీ రోజు పొద్దున స్కేటింగ్ రింక్ పార్కింగ్ లాట్‌లో, పరీక్షలప్పుడు నిధి చేసినట్టే ఎలియోనోరా వంగి ఉమామహేశ్వరి కాళ్లకు దండం పెట్టింది. ఆవిడ పొంగిపోయింది. అక్షింతలు నాలుగు గింజలు వేస్తే సరిపోయేది. మనవాళ్ల ప్రేమ నాలుగు గింజలతో ఆగుతుందా? గుప్పెడు కుమ్మరించింది. పసుపు, నెయ్యి కలిపిన బియ్యం, పైగా స్ప్రే కొట్టిన జుట్టు. కొన్ని గింజలు ముడిలో ఇరుక్కుపోయాయి.

పోటీకి ముందు ఆరుగురేసి అమ్మాయిలకు కలిపి ఆరు నిమిషాలు మంచు మీద సాధనకు ఇస్తారు. ఎలియోనోరా మొదటిసారి గిర్రున తిరగగానే తెల్లటి మంచు మీద పసుపు చుక్కలు చెల్లాచెదురయ్యాయి.

"మమ్మీ, అది రైసా? బ్లేడ్ కిందకొస్తే స్టక్ అయి పడిపోతారు!" అంది నిధి.

ఉమామహేశ్వరి సీట్లోంచి లేచింది. అరియానా సరిగ్గా అటే వేగంగా వస్తోంది. ఎలియోనోరా కేకేసి ఆమెను పక్కకు మళ్లించింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క గింజే ఏరసాగింది. గట్టు మీద నుంచి కోచ్ "జంప్ చెయ్! టైమ్ అయిపోతోంది!" అని అరుస్తూనే ఉన్నాడు. ఆమె తలెత్తలేదు. ఆఖరి గింజ చేతికొచ్చేసరికి గంట మోగింది. కష్టమైన గెంతు ఒక్కసారి కూడా వేసి చూసుకోలేదు.

పోటీలో ఆ గెంతు దగ్గరే పడింది. లేచి, మిగతాదంతా పొల్లు పోకుండా చేసింది. చూసేవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అయినా ఒక మార్కు లోపు తేడాతో చోటు అరియానాకు పోయింది.

బయట వరండాలో ఉమామహేశ్వరి భోరుమంది. "నా చేతులు పడిపోను! నీ కెరీర్ నేనే పాడు చేశాను తల్లీ."

ఎలియోనోరా కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. కాదని ఆవిడను ఓదార్చలేదు. జుట్టుకున్న పిన్నులు ఒక్కొక్కటే తీసి ముడి విప్పేసింది.

"సిక్స్‌టీన్ ఇయర్స్ ఈ ముడి. ఫినిష్," అంది వచ్చీరాని తెలుగులో. "ఆంటీ, ఇప్పుడు వేయండి." మళ్లీ వంగింది.

ఉమామహేశ్వరి బ్యాగులోంచి అక్షింతల డబ్బా తీసింది. పొద్దున గెలవమని దీవించిన ఆవిడే ఇప్పుడు విప్పిన జుట్టు మీద గింజలు వేసింది. "నిండు నూరేళ్లు బతుకు తల్లీ," అంది.