అప్పలసూరి మాస్టారి హాజరు

అప్పలసూరి మాస్టారికి మనిషిని పలకరించడం రాదు. హాజరు వేయడమొక్కటే వచ్చు. తెల్లారి ఆరింటికి తలుపు దబదబా బాది "ఉన్నావేటి?" అంటారు. "ఉన్నాను" అంటే వెళ్లిపోతారు. సాయంత్రం ఆరింటికి మళ్లీ వస్తారు. బాగున్నావా, తిన్నావా లాంటివేవీ ఆయన సిలబస్‌లో లేవు.

నాది విజయనగరం. మాల్దీవుల్లో ఒక చిన్న దీవి బడిలో సైన్సు టీచరు ఉద్యోగమొచ్చి, బడి తెరవడానికి పన్నెండు రోజుల ముందే దిగాను. ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు, బడి తెరిచేది ఆదివారం. మాస్టారిది నరసన్నపేట పక్క పల్లె. తొమ్మిదేళ్లుగా అదే బడిలో లెక్కలు చెబుతున్నారు. వసతిలో నా పక్కగది. మనవైపు మనిషి దొరికాడని తెగ మురిసిపోయాను. ఆ మురిపెం మర్నాడు ఆరింటిదాకా నిలిచింది.

దీవి ఈ చివరి నుంచి ఆ చివరికి పావుగంట నడక. తర్వాతంతా సముద్రమే. విడవని వాన, ఆరని బట్టలు, ఏ గిన్నె మూత తీసినా చేపవాసన. ఊరికే ఏడుపొచ్చేది. ఏడుపు మధ్యలో తలుపు మోగేది.

"ఉన్నావేటి?"

"ఎక్కడికి పోతాను మాస్టారూ, చుట్టూ నీళ్లే!"

"అదంతా నాకెందుకు? ఉన్నావా, లేవా?"

నాకు మాత్రం అది 'ఇంకా పోలేదా?' అన్నట్టే వినబడేది.

ఆ హాజరు నాకొక్కదానికే కాదు. దీవిలో కొట్టు నడిపే ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా మాస్టారిని చూడగానే "ఉన్నాను, ఉన్నాను" అంటూ బియ్యం తూచేవాడు. నరసన్నపేటలో ఉన్న భార్య నీలవేణిగారికి ఫోన్ చేసినా అదే ప్రశ్న. స్పీకర్లో ఆవిడ గొంతు ఖంగుమనేది.

"లేను! నిన్ననే పోయాను! దినానికొస్తావేటి?"

"ఉన్నావన్నమాట" అని ఈయన పెట్టేసేవారు.

తొమ్మిదో రోజుకి నా ఓపిక అయిపోయింది. గురువారం ఫెర్రీకి వెళ్లిపోదామని పెట్టె సర్దేశాను. మళ్లీ ఇలాంటి ఉద్యోగం రాదని తెలుసు. ఇంట్లో ముఖం చూపించలేనని కూడా తెలుసు. అయినా సర్దేశాను. ఆ సాయంత్రం ఆరింటికి తలుపు మోగితే మొండికేసి పలకలేదు.

"ఉన్నావేటి?... గౌతమమ్మా!... ఓలమ్మో, పలకవే!"

మంచం మీద కాళ్లు ముడుచుకుని మూతి బిగించాను. ఫెళ్లున గడియ ఊడింది. మాస్టారు ఊడిపడ్డట్టు వచ్చి నా పెట్టె మీద బోర్లా పడ్డారు. లేచి నన్ను ఎగాదిగా చూశారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఉండి కూడా పలకవేటి? ఉన్నోళ్లు పలకాల!"

నోటికొచ్చినదల్లా అనేశాను. ఆడపిల్ల గది, ఇంగితం, పెద్దరికం అన్నీ అయ్యాయి. ఆయన ఇంటికి ఫోన్ కలిపి, "నువ్వు సెప్పు, నాను సెప్పలేను" అని నా చేతిలో పెట్టి బయటికి వెళ్లిపోయారు.

"సూడమ్మా" అన్నారు నీలవేణిగారు. "నాలుగేళ్ల కిందట నువ్వున్న గదిలోనే ధనరాజని పార్వతీపురం మాస్టారు దిగాడు. నీలాగే, బడి తెరవకముందే. జొరం తగిలింది. రెండు రోజులు తలుపేసే ఉన్నాది. కొత్త మనిషి, పొడుకున్నాడేమో, కొడితే ఏటనుకుంటాడో అని మా ఆయన మొగమాటపడ్డాడు. మూడోనాడు కొట్టాడు. అప్పటికి లేడమ్మా. ఆ రోజుతో ఈయనకి మొగమాటం పోయింది. నన్నూ రోజుకి రెండుసార్లు సంపుతన్నాడు, బతికున్నానో లేదోనని."

ఆవిడ నవ్వారు. నాకు మాత్రం సిగ్గేసింది. నా గురించి పట్టించుకునే దిక్కే లేదని తొమ్మిది రోజులు ఏడ్చాను. ఆ దిక్కు రోజూ రెండు పూటలా వచ్చి తలుపు బాదుతూనే ఉంది.

గురువారం ఉదయం ఆరింటికి రేవులో ఫెర్రీ కూత వేసింది. నా తలుపుకి గడియ లేదు, తోస్తే తెరుచుకుంటుంది. అయినా మాస్టారు బయటే ఆగి, ఒక్క వేలితో మెల్లగా కొట్టారు.

"ఉన్నావేటి?"

"ఉన్నాను మాస్టారూ. ఆదివారం బడిక్కూడా ఉంటాను" అన్నాను. తర్వాత నేనే అడిగాను. "మరి, మీరున్నారేటి?"

ఇన్నేళ్లలో ఆయన్ని ఆ మాట ఎవరూ అడగలేదు కాబోలు.

"నానా?" అన్నారు. "ఉండు, సూసి సెప్తాను."