మునివెంకటమ్మ అత్త టోకెను

మా మేనత్త మునివెంకటమ్మకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి, పక్కవాళ్ల కడుపు. లోకంలో అందరూ ఎదురుపడితే "తిన్నావా" అంటారు. మా అత్త ఆ తిన్నది ఏమైందని అడుగుతుంది. "ఈ దినం సరిగ్గా పోయిందా?" అన్నదే ఆమె నమస్కారం.

తమిళనాడులోని మా బొమ్మిడిలో ఈ నమస్కారం తగలని మనిషి లేడు. స్టేషన్లో టికెట్లిచ్చే కదిరవన్‌ను కిటికీలో మొహం పెట్టి మరీ అడిగింది. నా పెళ్లిలో తాళి కట్టబోతుంటే నన్ను అడిగింది. నవ్వబోయిన పురోహితుణ్ణీ అడిగింది. ఆయన మంత్రం ఆపి, "రెండు దినాలైందమ్మా" అన్నాడు. భోజనాల్లో ఆయన ఆకులో మాత్రం నాలుగు అరటిపండ్లు పడ్డాయి.

ఊరంతా అరవం మాట్లాడుతుంది కాబట్టి తెలుగులో అడిగితే గుట్టుగా అడిగినట్టేనని అత్త నమ్మకం. ధర్మపురి బస్సులో సగంమంది మన తెలుగువాళ్లేనన్నది ఆమెకు పట్టదు. ఒకసారి ముందు సీట్లోంచి వెనక సీట్లో ఉన్న నా భార్య ఇంద్రాణిని అడిగితే, మధ్యలో కూర్చున్న ముగ్గురు బదులు చెప్పారు.

అడిగి ఊరుకోదు, తీర్పు కూడా చెబుతుంది. "ఒక దినం బాగలేకుంటే సాంబారు తప్పు. మూడు దినాలైతే మజ్జిగ తాగు. మూడు వారాలైతే డాక్టరు. రక్తం కనిపిస్తే లెక్కలు వద్దు, చెప్పులు వేసుకో."

అలాంటి అత్త పక్కింట్లో ఉండగా, నేను నెల రోజులు దాచాను. రక్తం పడుతోంది. వేడి చేసిందని నాకు నేనే చెప్పుకుని నన్నారి షర్బత్తు తాగాను, మెంతులు మింగాను. నలభై ఒక్కేళ్లవాణ్ణి, ఇద్దరు పిల్లలు. ఏదైనా పెద్ద రోగమేమోనని అనుమానం. నిజం చెప్పాలంటే, ఆ రోగంకన్నా డాక్టరు ముందు లుంగీ విప్పడానికే ఎక్కువ భయపడ్డాను.

ఒక పొద్దున అత్త వాకిలి ఊడుస్తూ అడిగింది. "ఏమిరా లక్ష్మణా, సరిగ్గా పోయిందా?"

"బాగా పోయింది అత్తా."

అత్త చీపురు కింద పెట్టింది. "ఇన్నేండ్లుగా ఇది అడిగితే నన్ను తిట్టేవాడివి. నెలగా మర్యాదగా బదులు చెప్తా ఉండావు. రక్తమా?"

తల వంచుకున్నాను.

"చెప్పులు వేసుకో" అంది.

ధర్మపురిలో మేం వెళ్లిన ఆస్పత్రిలో ఒక పద్ధతి ఉంది. ఏం బాధో ముందు టోకెను ఇచ్చే నర్సుకు చెప్పాలి. ఆ నర్సు కలైసెల్వి గొంతు బస్టాండు దాకా వినిపిస్తుంది. నా వెనక నలభైమంది నిలబడి ఉన్నారు.

"ఏం బాధ?" అంది.

"మోకాలు నొప్పి" అన్నాను. టైల్స్ పరిచేవాణ్ణి, మోకాలంటే ఎవరు అనుమానిస్తారు? ఎముకల డాక్టరుకు టోకెను ఇచ్చింది. ఆ బెంచీ మీదే పోయి కూర్చున్నాను.

అత్త నా చేతిలోని టోకెను చూసింది. నేరుగా కౌంటరు దగ్గరికి పోయింది. ఈసారి తెలుగు కాదు. హాలు చివరి బెంచీకి కూడా అందేలా అచ్చమైన అరవంలో చెప్పింది.

"పేరు మునివెంకటమ్మ. అరవై మూడేండ్లు. దొడ్డికి పోతే రక్తం పడతా ఉంది. బుద్ధిలేక సిగ్గుపడి నెల దినాలు దాచినాను. దానికి ఏ డాక్టరో ఆయనకు రాయి."

కలైసెల్వి ఇంకో టోకెను రాసి ఇచ్చింది. అత్త వచ్చి ఆ టోకెను నా జేబులో పెట్టింది.

"అత్తా, అందరూ నీకే అనుకుంటారు" అన్నాను.

"అనుకోనీరా. లోపలికి పో."

అప్పుడే ఎముకల బెంచీ మీదనుంచి ఇంకో ముగ్గురు మెల్లగా లేచి, మళ్లీ కౌంటరు దగ్గర నిలబడ్డారు. అందులో ఒక పెద్దాయన అంతదాకా కుడి మోకాలు పట్టుకుని మూలిగినవాడు. లేచాక మాత్రం ఎడమకాలు కుంటుతూ నడిచాడు.

డాక్టరు చీటీ చూశాడు, నన్ను చూశాడు. "మునివెంకటమ్మ?"

"అవునండి" అన్నాను.

తర్వాత గొట్టం పెట్టి చూశారు. లోపల చిన్న గడ్డ ఉంటే తీసేశారు. పరీక్షకు పంపితే చెడ్డదేమీ కాదని వచ్చింది. "ఇలాగే వదిలేసి రెండేళ్లు మజ్జిగ తాగుతూ కూర్చుంటే కథ వేరేగా ఉండేది" అన్నాడు డాక్టరు.

కబురు మాకంటే ముందే బొమ్మిడి చేరింది. ఇప్పుడు ఊరంతా అత్తనే అడుగుతుంది. పూలమ్మే మాదేశ్వరి నిన్న కూడా అడిగింది. "ఏమత్తా, ఈ దినం సరిగ్గా పోయిందా?"

"సుబ్బరంగా పోయింది" అంది అత్త, నా వైపు తిరిగి కూడా చూడకుండా. ఊళ్లో అందరి కడుపు సంగతులూ బస్సెక్కించిన మనిషి, నాది మాత్రం ఇంద్రాణికి కూడా చెప్పలేదు.

అత్తకు తెలుగు చదవడం రాదు, ఆ ధైర్యంతోనే ఇదంతా రాశాను. ఎవరైనా చదివి వినిపిస్తే, అంత కష్టపడి దాచినదాన్ని అచ్చువేయించానని చీపురుతో వస్తుంది. వచ్చి, కొట్టేముందు ఏం అడుగుతుందో నాకు తెలుసు. ఈసారి నిజమే చెబుతాను.