నీకొలాయితుల చీటీలు

నా చిన్నప్పుడు నాకు నోట్లో నాలుక లేదనేవారు. సండే స్కూల్లో జవాబు తెలిసినా తల దించుకునేదాన్ని. ఇంటికొచ్చి దాన్ని డైరీలో రాసుకునేదాన్ని. అలాంటిదాన్ని ఒక్క ఆదివారం మాత్రం చెయ్యెత్తాను. ఎత్తకపోయి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అప్పుడు నాకు పదేళ్ళు. మంగళగిరిలో మాది చిన్న చర్చి. ఆ నెలంతా బైబిల్లో చివరి గ్రంథం చెబుతున్నారు. అందులో రెండుచోట్ల నీకొలాయితులనే మనుషుల ప్రస్తావన వస్తుంది. ప్రభువు వాళ్ళ పనులను ద్వేషిస్తాడని ఉంటుంది గానీ, వాళ్ళెవరో, ఏం చేశారో వివరంగా ఉండదు. దగ్గర్లోనే విగ్రహాలకు పెట్టినవి తినడం గురించి కూడా ఉంది కాబట్టి, ప్రసాదం తినేవాళ్ళే ఈ కాలపు నీకొలాయితులని మా సంఘపెద్దగారు తేల్చేశారు. సండే స్కూలుకి కూడా వచ్చి, అలాంటివాళ్ళని మీరెవరైనా చూశారా అని మమ్మల్ని అడిగారు.

"పక్కింటి అక్క పానకం తాగిందండీ" అన్నాను.

పక్కింటి అక్క మా చర్చి మనిషే. దగ్గర్లోని ఒక నేతవాళ్ళింట్లో నూలు కండెలు చుట్టే పనికి వెళ్ళేది. కొండమీద స్వామికి పోయించిన పానకంలో సగం తిరిగి ఇస్తారు కదా, ఆ ఇంటావిడ దాన్ని తెచ్చి పనివాళ్ళందరికీ తలా ఒక గ్లాసు పోసేది. నేను చెప్పకుండా దాచింది ఒకటుంది. ముందురోజు అక్కకోసం అక్కడికి వెళ్తే, తన గ్లాసులో సగం నాకు పోసింది. మిరియాల ఘాటు తగులుతున్నా నేను గుటగుటా తాగేశాను.

వచ్చే ఆదివారం ప్రభువు బల్లలో అక్కకు చోటు లేదని సాయంత్రానికే కబురు వచ్చింది. రొట్టె, ద్రాక్షారసం అందరికీ అందుతుంటే ఆమె వెనక వరసలో ఉత్త చేతులతో కూర్చోవాలి. కుళాయి దగ్గర ఆడవాళ్ళు అప్పుడే అక్కను చూసి బిందెలు దూరం జరుపుకుంటున్నారు.

అక్క మా తాతయ్య దగ్గరికి వచ్చింది. ఆయన రిటైరైన టీచరు, చర్చిలో ఆయన మాటకు విలువుండేది. "మాస్టారూ, ఎండనపడి వచ్చారని అంత ప్రేమగా పోస్తే వద్దని ఎట్టా అనేదండీ? ఆ బల్ల ఒక్కటేనండీ నాకుంది" అంది. ఎవరు చెప్పి ఉంటారో ఆమె అడగలేదు. నేను తలుపు చాటునుంచి వింటున్నాను. తాతయ్య ఒక్కసారి తలుపు వైపు చూశారు.

మా చర్చిలో శనివారం మధ్యాహ్నం కూడిక ఉండేది. ప్రార్థన కోరికలు చీటీల మీద రాసి కానుక సంచిలో వేస్తే, ఒకరు చదివేవారు. ఆ శనివారం తాతయ్య లేచి, "నీకొలాయితులు తమ గురించి తాము చెప్పుకున్న మాట ఒక్కటీ మనదాకా రాలేదండీ. వాళ్ళంటే గిట్టనివాళ్ళు రాసిందే ఉంది. మరి వాళ్ళెవరో నాకైతే తెలీదు. మీకు తెలిస్తే రాయండి. మీ పేరు వెయ్యక్కర్లేదు" అన్నారు. సంచి అందరి దగ్గరికీ, అక్క దగ్గరికి కూడా వెళ్ళింది. తిరిగొచ్చాక నా చేతికిచ్చి, "నువ్వు చదువమ్మా" అన్నారు.

మొదటి చీటీ తీశాను. ప్రసాదం తినేవాళ్ళు. రెండోది, నగలేసుకుని మందిరానికి వచ్చేవాళ్ళు. సంఘపెద్దగారి భార్య చెయ్యి మెడ దగ్గరికి పోయింది. మూడోది, మన సంఘం వదిలేసి హైవే పక్క పెద్ద చర్చికి పోయినవాళ్ళు. "ఎవరయ్యా అది రాసింది? మా తమ్ముడి మీదేగా!" అని ఒకాయన లేచారు. పెళ్ళాం మాట వినే కొడుకులు, అని ఇంకొకటి. నవ్వారు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలబడలేదు. ఎవరికి గిట్టనివాళ్ళని వాళ్ళు రాశారని అందరికీ తెలుస్తూనే ఉంది.

చివరి చీటీలో పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉన్నాయి. ఆ అక్షరాలు నాకు తెలుసు. సాయంత్రాలు నా నోట్‌బుక్‌లో అక్కకు దిద్దించింది నేనే. చీటీని మళ్ళీ మడవబోయాను.

"చదువమ్మా" అన్నారు తాతయ్య మళ్ళీ.

"నేనేనేమోనండి. క్షమించండి" అని చదివాను. ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే, "నేను కూడా తాగానండీ. అక్క గ్లాసులోదే. అక్క పేరు చెప్పి నా పేరు దాచుకున్నాను" అన్నాను.

సంఘపెద్దగారు లేచి వచ్చారు. "నేను రాసిన ఆ మొదటి చీటీ ఇటియ్యమ్మా" అని తీసుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు నేను అక్క పక్కనే కూర్చున్నాను. రొట్టె పళ్ళెం వరస వెంట వచ్చింది. అది అక్క ముందు ఆగింది. ఆమె ఒక చేత్తో రొట్టె తీసుకుంది. రెండో చెయ్యి నా చేతిమీద వేసింది. చెప్పింది నేనేనని తెలిశాక కూడా వేసింది.

ఇప్పుడు నేను చాలా చదువుతాను. ఎక్కడైనా ఎవరినైనా చెడ్డవాళ్ళని రాసి ఉంటే, వాళ్ళు చెప్పుకున్న మాట ఒక్కటైనా మిగిలిందేమోనని వెతుకుతాను. చాలాసార్లు దొరకదు. అక్క చీటీ మాత్రం నా డైరీలో ఉంది. ఎవరి తప్పైనా చెప్పబోతే ఆనాటి మిరియాల ఘాటు గొంతులోకి వస్తుంది. ముందు నా సగం గ్లాసు గుర్తు చేసుకుంటాను.